స్త్రీత్వ హార్మోన్ చికిత్సలో మాత్ర, ప్యాచ్, ఇంజెక్షన్: ఏది ఎక్కువ సురక్షితం?

ట్రాన్స్ మహిళలు వాడే ఈస్ట్రోజెన్ రూపాల్లో, రక్తం గడ్డకట్టే ప్రమాదం దృష్ట్యా, చర్మం ద్వారా అందే ప్యాచ్ లేదా జెల్ మెరుగైనదని నా అభిప్రాయం. మింగిన ఎస్ట్రాడయోల్ (ఈస్ట్రోజెన్‌లో ఒక రకం) మాత్ర ముందుగా కాలేయం గుండా వెళుతూ అక్కడ రక్తాన్ని గడ్డకట్టించే ప్రోటీన్ల ఉత్పత్తిని పెంచుతుంది. చర్మం ద్వారా చేరే మందుకు ఆ తొలి మజిలీ ఉండదు. అందుకే ట్రాన్స్‌జెండర్ ఆరోగ్యంపై పనిచేసే అంతర్జాతీయ నిపుణుల సంఘం డబ్ల్యూపాథ్ 2022లో వెలువరించిన చికిత్సా ప్రమాణాల 8వ కూర్పు, 45 ఏళ్లు దాటినవారికీ, గతంలో సిరల్లో రక్తం గడ్డకట్టినవారికీ చర్మ మార్గాన్నే సూచించింది. ఇంజెక్షన్ కూడా ఆ మజిలీని తప్పిస్తుంది గానీ, మోతాదుల మధ్య హార్మోన్ స్థాయి ఎగుడుదిగుడవుతుంది.

మన మందుల దుకాణాల్లో తేలిగ్గా దొరికే గర్భనిరోధక మాత్రలను మాత్రం దయచేసి ఇందుకు వాడకండి. వాటిలో చాలావాటిలో ఉండే ఇథినైల్ ఎస్ట్రాడయోల్ అనే కృత్రిమ ఈస్ట్రోజెన్ వల్ల, ముఖ్యంగా పొగతాగేవారిలో, రక్తం గడ్డకట్టే ముప్పు మరింత ఎక్కువ.