క్రొయేషియా నగరం స్ప్లిట్‌లో విన్న మాటలు నిఘంటువులో దొరకడం లేదా?

మీరు విన్న ‘మ్లికో’, ‘దిత్సా’ తప్పులు కావు. అవి దల్మేషియా తీరపు ఇకావియన్ (‘ఇ’ పలికే) రూపాలు. క్రొయేషియన్ నిఘంటువు ఇచ్చేది ప్రమాణ భాషలోని ఇయెకావియన్ (‘ఇయె’ లేదా ‘యె’ పలికే) రూపాలు.

1. ‘ఇ’ తీసి ‘ఇయె’ పెట్టి వెతకండి: మ్లికో → మ్లియెకో, అంటే పాలు.

2. దొరకకపోతే ‘యె’ పెట్టండి: దిత్సా → ద్యెత్సా, అంటే పిల్లలు. చాలామంది ఇక్కడిదాకా రాకుండానే ఆగిపోతారు. ఇకావియన్‌లో ‘ఇ’గా మారిన పాత స్లావిక్ ‘యాత్’ అచ్చు ప్రమాణ భాషలో సాధారణంగా దీర్ఘమైతే ‘ఇయె’, హ్రస్వమైతే ‘యె’ అయింది. యాత్ నుంచి రాని ‘ఇ’ని మాత్రం మార్చకండి. చలికాలం ఎక్కడైనా ‘జిమా’యే.

3. ‘నేను’కు వాడే క్రియ చివర ‘న్’ వినిపిస్తే ‘మ్’ చేయండి: జ్నాన్ → జ్నామ్, అంటే నాకు తెలుసు.