పూడికలో దొరికిన పాత దోనె ఎండబెట్టొచ్చా?

కోరంగి దగ్గర చెరువు పూడిక తీస్తుంటే పాత దోనె బయటపడిందనీ, ఎండబెట్టి వార్నిష్ కొట్టిస్తే నిలుస్తుందా అనీ అడిగారు. నిలవదండీ. ఈ పూటే నీడలోకి చేర్చి, తడి గోనెసంచులు పరిచి, పైన టార్పాలిన్ కప్పించండి. ఎత్తేటప్పుడు తాళ్లు కట్టి లాగొద్దు, అడుగున పలకలు దూర్చి ఎత్తండి.

మాది తాళ్లరేవు వైపు, ఇంట్లో తరాలుగా పడవల పనే. పక్క ఊళ్లో కాలువ తవ్వకంలో ఇలాంటిదే దొరికితే ముచ్చటపడి గుడి ముందు పెట్టారు. తెచ్చిన రోజు నల్లగా, నిండుగా ఉంది. గోరు నొక్కితే చాలు, దిగిపోయి నీరు ఊరింది. లోపలివైపు బాడిస గాట్లు ఒక్కొక్కటీ లెక్కపెట్టేంత స్పష్టంగా ఉన్నాయి. కొద్దిరోజుల ఎండకే అడ్డంగా బీటలిచ్చి, అంచులు మెలితిరిగి, ఆ గాట్లతో సహా పెచ్చులుగా రాలిపోయింది. మళ్లీ నీళ్లలో వేసినా తేరుకోలేదు.

బురదలో గాలి ఆడదు కాబట్టి చెద, బూజు పట్టవు. కానీ బాక్టీరియా కర్రలోని సెల్యులోజ్ అనే పీచు పదార్థాన్ని ఏళ్ల తరబడి తినేస్తుంది. మిగిలేది లిగ్నిన్ అనే గట్టి పదార్థపు గూడు, దాన్నిండా నీరు. ఆకారాన్ని నిలబెట్టేది ఆ నీరే. ఆరేటప్పుడు అది కణాల గోడల్ని లోపలికి లాగేసి కుదించేస్తుంది. అందుకే నీటి స్థానంలో పాలిథిలీన్ గ్లైకాల్ అనే మైనం లాంటి పదార్థాన్ని మెల్లగా ఎక్కిస్తారు. స్వీడన్‌లో 1628లో మునిగిన వాసా ఓడని 1961లో పైకి తీసి, దీన్ని 17 ఏళ్లు చల్లారు. దోనెకి అంతకాలం అక్కర్లేదు గానీ, మందమైన దుంగైతే ఏళ్ల మీదే పని.

మన ఉప్పుటేళ్ల దగ్గర ఇంకో చిక్కుంది. అక్కడి బురదలో కుళ్లిన గుడ్డు వాసన వస్తుంది చూశారా, అది గంధకం వల్లే. అది కర్రలోకి చేరి, ఇనప మేకుల తుప్పు తోడైతే, గాలి తగిలాక ఆమ్లంగా మారి కర్రని తినేస్తుంది. వాసాలో ఈ బెడద 2000లో బయటపడింది. మీ దోనెకి మేకులుంటే పీకకండి, ఎక్కడెక్కడున్నాయో రాసిపెట్టండి. బురద వదిలించడానికి బ్రష్షు వాడొద్దు, మంచినీళ్లు మెల్లగా పోస్తే చాలు.

తహసీల్దారుకీ, రాష్ట్ర పురావస్తు శాఖకీ వెంటనే తెలియజేయండి. ఎంత లోతులో, ఏ మట్టిలో దొరికిందో కొలతలతో ఫొటోలు తీసిపెట్టండి. అన్నేళ్ల పని ఎవరూ తలకెత్తుకోలేమంటే, వాళ్లనడిగి అదే బురదలో తిరిగి పూడ్చిపెట్టడం నయం, గుడి ముందు పెట్టడం కన్నా వెయ్యిరెట్లు నయం. వాళ్లు వచ్చేదాకా గోనెలు తడిపే పని మాత్రం పేరుపెట్టి ఒకరికి అప్పజెప్పండి.