మళ్ళీ రెఫరెండం వస్తే నా పౌండ్లు ఏమవుతాయి?

ప్రశ్న: ఎడిన్‌బరాలో ఒక బ్యాంకులో చేరి రెండు నెలలైంది. ఆఫీసులో స్కాట్లండ్ వేర్పాటు నాయకుడు అలెక్స్ సాల్మండ్ పేరు తరచూ వినబడుతోంది. ఆయన కూడా బ్యాంకు ఉద్యోగం వదిలి రాజకీయాల్లోకి వెళ్ళాడట. మళ్ళీ రెఫరెండం, అంటే జనం ఓటింగ్, పెట్టి స్కాట్లండ్ బ్రిటన్ నుంచి విడిపోతే నేను దాచుకున్న డబ్బు ఏమవుతుంది? ముందే ఇంటికి పంపేయడం మంచిదా?

తమ్ముడూ, నేను 2006లో ఇక్కడికి వచ్చాను. ఆ చనువుతో నువ్వు అనే అంటాను. పంపేయకు. నీ చివరి వాక్యం చదవగానే 2014 సెప్టెంబర్‌లో నేను చేసిన పని కళ్ళ ముందు మెదిలింది.

ముందు సాల్మండ్ సంగతి. ఎడిన్‌బరా నుంచి గ్లాస్గో వెళ్ళే దారిలో లిన్‌లిత్‌గో అనే ఊరు ఉంది. 1954 డిసెంబర్ 31న అక్కడ పుట్టాడు. సెయింట్ ఆండ్రూస్‌లో ఎకనామిక్స్, మధ్యయుగ చరిత్ర చదివాడు. ప్రభుత్వంలో రెండేళ్ళు చేసి, 1980లో రాయల్ బ్యాంక్ ఆఫ్ స్కాట్లండ్‌లో ఆర్థికవేత్తగా చేరాడు. నార్త్ సీ చమురు లెక్కలు ఆయన పని. నువ్వు అనుకుంటున్నట్టు కౌంటర్ వెనక కూర్చున్న బ్యాంకరు కాదు. ఇక్కడి భూమి కింద, సముద్రం కింద ఎంత డబ్బుందో రోజూ లెక్కగట్టిన మనిషి. ఆ లెక్కే తర్వాత ఆయన రాజకీయమైంది. వేర్పాటు అంటే పాటలూ జెండాలూ అనుకునే జనానికి బ్యారెళ్ళూ పౌండ్లూ చూపించాడు. ఈ ఒక్క విషయంలో ఆయనంటే నాకు నిజంగా గౌరవం.

1987లో బాన్ఫ్ అండ్ బుకన్ అనే చేపల రేవుల నియోజకవర్గం నుంచి వెస్ట్‌మిన్‌స్టర్‌కు, అంటే లండన్ పార్లమెంటుకు గెలిచి బ్యాంకు వదిలాడు. మరుసటి ఏడు బడ్జెట్ ప్రసంగానికి అడ్డుపడి సభ నుంచి సస్పెండ్ అయ్యాడు. 1990లో స్కాట్లండ్ వేరు దేశం కావాలనే ఎస్‌ఎన్‌పీ పార్టీ నాయకుడయ్యాడు. 2000లో తప్పుకున్నా 2004లో మళ్ళీ వచ్చాడు. 2007లో స్కాటిష్ పార్లమెంటులోని 129 సీట్లలో 47 గెలిచి ఫస్ట్ మినిస్టర్ అయ్యాడు, అంటే మన లెక్కలో ముఖ్యమంత్రి. 2011లో 69 సీట్లతో పూర్తి మెజారిటీ వచ్చాక రెఫరెండం ఖాయమైంది.

నేనెక్కడ దెబ్బతిన్నానో చెబుతాను. మాది హనుమకొండ. 2014 జూన్ 2న తెలంగాణ వచ్చింది, సెప్టెంబర్ 18న ఇక్కడ ఓటింగ్. రెండూ ఒకటే అనుకున్నాను. ఆఫీసులో స్కాటిష్ కొలీగ్స్‌కు మన ఉద్యమం గురించి గంటలు గంటలు చెప్పేవాణ్ణి. కానీ మన దగ్గర రాష్ట్రం విడిపోయినా జేబులో రూపాయి రూపాయిగానే ఉంది. ఇక్కడ దేశమే విడిపోయే మాట, అసలు ప్రశ్న పౌండు. నాకది ఆలస్యంగా తట్టింది. తట్టగానే భయపడిపోయాను.

ఫిబ్రవరిలోనే లండన్ ఆర్థికమంత్రి జార్జ్ ఆస్‌బోర్న్ పౌండును పంచుకోవడం కుదరదని చెప్పేశాడు. ఆగస్టు 5న టీవీ చర్చలో, విడిపోవద్దనే ప్రచారానికి నాయకుడైన అలిస్టర్ డార్లింగ్ సాల్మండ్‌ను పదే పదే అడిగాడు, అది కుదరకపోతే రెండో దారి ఏమిటని. సూటిగా జవాబు రాలేదు. బ్యాంకులో లెక్కలు గట్టిన మనిషి డబ్బు ప్రశ్న దగ్గరే తడబడటం చూసి ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. రెండో చర్చలో ఆయనే బాగా మాట్లాడాడు, కానీ నా భయం తగ్గలేదు. సెప్టెంబర్ మొదటివారంలో ఒక సర్వేలో విడిపోవాలనేవాళ్ళు ముందుకొచ్చారు, పౌండు పడింది. రాయల్ బ్యాంక్, లాయిడ్స్ అవసరమైతే రిజిస్టర్డ్ ఆఫీసును ఇంగ్లండ్‌కు మారుస్తామన్నాయి.

ఆ వారంలో ఇల్లు కొనడానికి ఆరేళ్ళు దాచిన డిపాజిట్ మొత్తం మా నాన్నగారి అకౌంటుకు పంపేశాను. పడిపోయిన రేటుకే. ఆయన మంచి మనసుతో కాజీపేట దగ్గర ప్లాటు కొనేశారు. 18న ఓట్లు పడ్డాయి: వద్దన్నవాళ్ళు 55.3 శాతం, కావాలన్నవాళ్ళు 44.7 శాతం. తెల్లారేసరికి పౌండు లేచింది. నా డబ్బు మాత్రం కాజీపేటలో మట్టి రూపంలో ఉండిపోయింది. ఇక్కడ ఇల్లు కొనడానికి ఇంకో నాలుగేళ్ళు పట్టింది. ఆ నాలుగేళ్ళు అద్దె కట్టిన చెక్కులన్నీ లెక్కేసి ఒక డైరీలో రాసుకున్నాను. ఇప్పటికీ ఆ పేజీ తీయను.

ఇంకో తప్పు కూడా చెప్పాలి. ఇండియన్ పాస్‌పోర్ట్ ఉన్నవాడికి ఓటు ఉండదని నేనే తీర్మానించుకున్నాను. ఉంది. ఇక్కడ నివసించే అర్హులైన కామన్వెల్త్ పౌరులందరికీ ఆ రెఫరెండంలో ఓటు ఇచ్చారు, 16 ఏళ్ళ పిల్లలకు కూడా. నాకు తెలిసేసరికి సెప్టెంబర్ 2 నాటి గడువు దాటిపోయింది. 84.6 శాతం మంది ఓటేసిన రోజున నేను ఇంట్లో కూర్చుని ఎక్స్ఛేంజ్ రేటు చూసుకున్నాను. నువ్వు ఈ వారమే పేరు నమోదు చేయించుకో. రూల్స్ కౌన్సిల్ వెబ్‌సైట్‌లో ఉంటాయి. పే స్లిప్‌లో టాక్స్ కోడ్ ముందు ఎస్ అక్షరం ఉందో లేదో కూడా చూసుకో, ఇక్కడి ఆదాయపు పన్ను రేట్లు వేరు.

సాల్మండ్ లెక్క కూడా తప్పింది, అది నీకు తెలియాలి. ఆయన ప్రభుత్వం 2013 నవంబర్‌లో ఇచ్చిన శ్వేతపత్రం చమురు బ్యారెల్ 110 డాలర్ల దగ్గర ఉంటుందనుకుంది. 2016 జనవరికల్లా 30 కిందికి పడింది. చమురు కంపెనీల ఊరు అబర్డీన్‌లో మనవాళ్ళు ఎంతమంది సామాన్లు సర్దుకున్నారో నేను కళ్ళారా చూశాను, ఇద్దరు నెలరోజులు మా హాల్లోనే పడుకున్నారు. అంతకుముందు 2007లో, తన పాత బ్యాంకు డచ్ బ్యాంకును కొనబోతుంటే మద్దతుగా ఉత్తరం రాశాడు. ఏడాదికే ఆ బ్యాంకును నిలబెట్టడానికి లండన్ ప్రభుత్వం దిగాల్సి వచ్చింది, మొత్తం 4,550 కోట్ల పౌండ్లు పెట్టింది. అదే సమయంలో నా మొదటి కాంట్రాక్టు కూడా పోయింది. నెలనెలా జీతమంతా ఊరికి పంపే అలవాటు వల్ల అకౌంటులో మిగిలింది 310 పౌండ్లు. గది అద్దె 400. తమ్ముడూ, ఆ నెల ఎవరితో ఎలా మాట్లాడి గడిపానో ఇంట్లో ఇప్పటికీ చెప్పలేదు. గడిపాను, నిలబడ్డాను.

ఓడిపోయాక సాల్మండ్ పదవి వదిలాడు, నికోలా స్టర్జన్ వచ్చింది. తర్వాత పార్టీకే దూరమయ్యాడు. ఆయన మీద పెట్టిన కేసులో 2020లో కోర్టు నిర్దోషి అంది. 2021లో విడిపోవాలనే ఇంకో పార్టీ, ఆల్బాను నడిపించాడు, సీటు రాలేదు. 2024 అక్టోబర్ 12న నార్త్ మాసిడోనియాలో చనిపోయాడు. ఆ రోజు మా ఆఫీసు గ్రూపులో ఆయన్ని ఎప్పుడూ తిట్టేవాళ్ళు కూడా మంచిమాటలు రాశారు. మందుల చీటీలకు డబ్బు తీసేసింది ఆయన హయాంలోనే, నువ్వూ ఆ సదుపాయం వాడుకుంటావు.

రెఫరెండం ఎప్పుడొస్తుందని కాలెండర్ చూస్తూ కూర్చోకు. మూడు నెలల అద్దె, ఒక ఇండియా టికెట్ డబ్బు ఇక్కడే వేరే అకౌంటులో పెట్టు. మిగిలిందాన్ని బట్టి ఇంటికి పంపు. ఊరెళ్ళేటప్పుడు ఇక్కడి బ్యాంకులు సొంతంగా ముద్రించే స్కాటిష్ పౌండు నోట్లు తీసుకెళ్ళకు, హైదరాబాద్‌లో ఒక మనీ ఛేంజర్ నా నోట్లు తిరగేసి చూసి చెల్లవని వెనక్కిచ్చాడు. మీ నాన్నగారు ప్లాటు మాట ఎత్తారా? ఎత్తితే ఆయనకు జవాబు చెప్పేముందు నాకొకసారి ఫోన్ చెయ్యి.