నెలలు నిండని పాపకు కంటి పరీక్ష ఎందుకు? (సమాధానం)

మారతహళ్లి నుంచి రాసిన సోదరులకు నమస్కారం. 30 వారాలకే 1,350 గ్రాముల బరువుతో పుట్టి, ఇప్పుడు 24 రోజులున్న మీ పాపకు రెటీనా (కంటి లోపల వెనుకవైపు ఉండే, చూపునిచ్చే పొర) పరీక్ష చేయించమన్నారనీ, ఇంట్లో పెద్దలు గ్రహణాన్నీ ఆసుపత్రి దీపాలనూ తప్పుబడుతున్నారనీ రాశారు. ఈ పరీక్ష నెలలు నిండకుండా పుట్టిన పిల్లల రెటీనాకు వచ్చే ‘రెటినోపతీ ఆఫ్ ప్రీమెచ్యూరిటీ’ (ఆర్‌ఓపీ) అనే జబ్బును పట్టుకోవడానికి. ఆ రెండూ ఈ జబ్బుకు కారణాలు కావు.

రెటీనా రక్తనాళాలు గర్భంలో సుమారు 16వ వారంలో మొదలై, అంచులదాకా చేరేసరికి దాదాపు 40 వారాలవుతుంది. ముందే పుట్టిన బిడ్డకు గర్భంలో కంటే ఎక్కువ ఆక్సిజన్ తగలడంతో ఆ పెరుగుదల మధ్యలోనే ఆగిపోతుంది. తర్వాత, నాళాలు చేరని భాగం ఆక్సిజన్ చాలక పంపే సంకేతాల వల్ల కొత్త నాళాలు అడ్డదిడ్డంగా పుట్టుకొస్తాయి, ముదిరితే రెటీనానే లాగి ఊడదీస్తాయి.

ఆక్సిజన్ పెట్టినందుకు డాక్టర్లను నిందించకండి, అది ప్రాణం నిలిపే మందు. హాని చేసేది అదుపులేని మోతాదు, హెచ్చుతగ్గులు. నెలలూ బరువూ ఎంత తక్కువైతే ముప్పు అంత ఎక్కువ. సెప్సిస్ (ఒళ్లంతా ప్రభావం చూపే తీవ్రమైన ఇన్ఫెక్షన్), రక్తం ఎక్కించాల్సి రావడం, పుట్టాక బరువు సరిగా పెరగకపోవడం దాన్ని ఇంకా పెంచుతాయి.

మన దేశంలో 34 వారాలలోపు లేదా 2,000 గ్రాములలోపు పుట్టినవారికి 30 రోజులలోపే తొలి పరీక్ష జరగాలి. కనుక ఈ వారం దాటనివ్వకండి. బెంగళూరులో నారాయణ నేత్రాలయ కంటి ఆసుపత్రి 2008 నుంచి ఈ పరీక్షల కార్యక్రమం నడుపుతోంది. కన్ను పైకి మామూలుగానే కనిపిస్తుంది కాబట్టి చూసి నిర్ణయించుకోవద్దు. తొలిసారి బాగుందన్నా, నాళాలు పూర్తిగా పెరిగాయని డాక్టర్ చెప్పేవరకు మళ్లీ మళ్లీ చూపించాలి. చికిత్స అవసరమంటే లేజరో ఇంజెక్షనో రెండు మూడు రోజుల్లోనే చేయించాలి. డిశ్చార్జ్ కాగితాలు వెంట తీసుకెళ్లండి.