పీలికల బస్తాలోంచి పనిముట్లు: మీ కుట్టు ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: నమస్తే అక్కా, మాది బరంపురం, ఇంట్లోనే బ్లౌజులు కుడతాను. రెండేళ్లకోసారి మా అమ్మవారి జాతర, ఠాకురాణీ యాత్ర వచ్చిందంటే ఊపిరాడదు, అదయ్యాక చూస్తే మిషన్ కింద ఒక బస్తాడు పీలికలు. వాటితో సూదుల దిండు కుట్టుకుని లోపల దూది కూరాను. వానాకాలం వచ్చేసరికి గుండుసూదులన్నీ తుప్పు, తెల్ల బట్ట మీద మచ్చలు. దూది మార్చాలా, సూదులు మార్చాలా?

జవాబు: రెండూ మార్చాలమ్మా. తుప్పు పట్టిన సూదిని ఎంత రుద్దినా బట్టలో దారాలు లాగేస్తుంది, పారెయ్యండి. ఇక దూది సంగతి, గోపాలపూర్ సముద్రం మీకు పక్కనే, ఆ ఉప్పుగాలికి తోడు దూది చెమ్మ పీల్చి సూది చుట్టూ పట్టుకుని కూర్చుంటుంది. మామూలు గాలిలోనే నూలు తన బరువులో 8.5 శాతం దాకా నీరు పట్టి ఉంచుకుంటుంది, పాలిస్టర్ అయితే 0.4 శాతమే. అందుకని మీ బస్తాలోంచి సింథటిక్ జార్జెట్టు, క్రేపు లాంటి ముక్కలు ఏరి, కత్తెరతో గోరంత ముక్కలు చేసి గట్టిగా కూరండి, వదులుగా ఉంటే సూది నిలబడదు. పైగుడ్డ మాత్రం దగ్గర నేతది చూసుకోండి. పాతకాలం వాళ్లు దువ్వెనకి ఊడిన జుట్టు కూరేవాళ్లు, అందులో జిడ్డు సూదికి మంచిదని, కానీ మనం కొబ్బరినూనె పట్టిస్తాం కదా, షాంపూతో కడిగి ఎండబెట్టకపోతే ఆ నూనె పైకొచ్చి మరకవుతుంది. బియ్యం, తవుడు అసలొద్దు, పురుగు పడుతుంది. పదును కోసం ఇనప పీచు పెట్టమని కొందరు చెప్తారు, మీ ఊరి చెమ్మకి ముందు అదే తుప్పు పడుతుంది. పదునే కావాలంటే సానపట్టే గరుకు పొడి, ఎమరీ పొడి అంటారు, దొరికితే చిన్న సంచీలో వేసి కుట్టుకోండి. చేతికుట్టు సూదులు మాత్రం దిండులో పెట్టొద్దు, లోపలికి దిగిపోయి ఎప్పుడో వేలికే దొరుకుతాయి, పాత ఉన్ని శాలువా ముక్కలు నాలుగు పేజీలుగా కలిపి కుట్టి వాటికి గుచ్చుకోండి.

ప్రశ్న: పర్లాకిమిడి నుంచి రాస్తున్నాను మేడమ్. ప్రిన్సెస్ కట్ బ్లౌజు కుట్టు బాగానే వస్తోంది కానీ ఇస్త్రీ చేస్తే ఛాతీ దగ్గర అణిగిపోయి ముడతలు పడుతోంది. షాపుల్లో దానికేదో దిండు ఉంటుందట, ఇంట్లో చేసుకోవచ్చా?

జవాబు: చేసుకోవచ్చు, చేసుకుని తీరాలి అంటాను నేనైతే. వంపు తిరిగిన కుట్టుని చదును బల్ల మీద ఇస్త్రీ చేస్తే వంపంతా పోతుంది మరి, కింద కూడా వంపు ఉండాలి. పన్నెండంగుళాల పొడవు, ఒక కొస వెడల్పు, ఇంకో కొస సన్నం, అలా రెండు ముక్కలు కత్తిరించి కుట్టి రంపప్పొట్టు కూరడమే. పై బరంపురం చెల్లికి చెప్పింది మీకు పూర్తిగా తిరగబడుతుంది, ఇక్కడ సింథటిక్ పీలిక ఒక్కటి కూడా ఉండకూడదు. ఇస్త్రీపెట్టె మూడు చుక్కల మీద పెడితే 200 డిగ్రీలు, పాలిస్టర్‌కి 150 దాటకూడదు, కరిగి మీ కస్టమర్ పట్టుకి అంటుకుందంటే ఇంక చెప్పేదేముంది. నూలు ముక్కలు అతికించి లోపలి పొర చేసుకోండి, బయటి పొర మాత్రం అతుకు లేని ఒకే ముక్క కావాలి, ఎందుకంటే అతుకు గీత ఇస్త్రీలో బట్ట మీద పడుతుంది (పీలికలతో చేస్తున్నాం కదా అని అందంగా రంగురంగులు అతికేవాళ్లు ఎక్కువ, ఇక్కడొద్దు). పొట్టు జల్లించి బాగా ఎండబెట్టి, కర్రతో దట్టిస్తూ నింపండి, బొటనవేలితో నొక్కినా లొంగకూడదు, అంత గట్టిగా. వాడేముందు తెల్ల గుడ్డ తడిపి దానిమీద పెట్టి ఇస్త్రీ చేసి చూడండి, చెక్క రంగు దిగితే ఆ పొట్టు పనికిరాదు. బ్లౌజు చేతుల కుట్లు ఇస్త్రీ చెయ్యడానికి పాత పత్రిక గట్టిగా చుట్టి నూలు గుడ్డ తొడిగితే సరిపోతుంది, మా పత్రికే వాడుకున్నా ఏమనుకోం లెండి.

ప్రశ్న: గుణుపురం మాది. పట్టు బట్ట మీద కటింగు కొలతల పేపరు పెట్టి గుండుసూదులు గుచ్చితే బొక్కలు మిగిలిపోతున్నాయి, ఏం చెయ్యాలి?

జవాబు: గుచ్చకండి, బరువులు పెట్టండి. వంశధార ఇసక మీ ఊళ్లోనే, కడిగి ఎండబెట్టి జల్లించుకోండి. నాలుగు బై ఎనిమిది అంగుళాల ముక్క మడిచి పక్కలు కుట్టి, ఇసక పోసి, మూతిని అడుగు మడతకి అడ్డంగా తిప్పి మూస్తే సమోసా ఆకారం వస్తుంది, ఒక్కోటి వంద గ్రాములు పైనే తూగుతుంది. బ్లౌజుకి ఆరు చాలు. సన్న ఇసక కుట్టులోంచి కారుతుంది కాబట్టి లోపల ఇంకో సంచీ వెయ్యండి, పై సంచీ రంగు పట్టుకి అంటకుండా ఒకసారి ఉతికిన గుడ్డే వాడండి. బరువులు పెట్టి సుద్దతో చుట్టూ గీసేసుకుని, పేపరు తీసేశాకే కత్తెర పట్టండి.