పనిలో ప్రశ్నలు: 140 పేజీల్లో దొరకనిది

ప్రశ్న: బెంగళూరులో వైద్య పరికరాలు తయారుచేసే ఒక చిన్న సంస్థలో ఈ మధ్యనే ప్రాజెక్టు లీడ్ బాధ్యత తీసుకున్నాను. అప్పుడే పుట్టిన పిల్లలను వెచ్చగా ఉంచే వార్మర్ మేము చేస్తున్న పరికరం. జట్టులో ఒక మెకానికల్ ఇంజినీరు, ఎలక్ట్రానిక్స్ చూసేవారు ఇద్దరు, ఫర్మ్‌వేర్ (పరికరం లోపల నడిచే సాఫ్ట్‌వేర్) రాసే అబ్బాయి, ఒక ఇండస్ట్రియల్ డిజైనర్, వారానికి ఒకసారి వచ్చే సీనియర్ నర్సు ఉన్నారు. అందరూ తమ తమ పత్రాలు శ్రద్ధగా రాసి షేర్డ్ ఫోల్డర్‌లో పెడుతున్నారు. అయినా ఒకరు చెప్పింది మరొకరికి ఎక్కడం లేదు. ప్రతి రివ్యూలోనూ పాత వాదనే మొదటినుంచి మొదలవుతోంది. జ్ఞానాన్ని పంచుకోవడానికి మంచి సాఫ్ట్‌వేర్ ఏదైనా సూచించగలరా?
— ఒక పాఠకురాలు, మారతహళ్ళి

జవాబు: కొత్త సాఫ్ట్‌వేర్ కొనకండి, ఉన్న ఫోల్డరే చాలు. ప్రతి ఒక్కరి తలలోనూ జ్ఞానం సిద్ధంగా ఉందనీ, దాన్ని కాగితం మీదికి దించి పక్కవారికి అందిస్తే పని అయిపోతుందనీ మీ జట్టు అనుకుంటున్నట్టుంది. సంక్రాంతికి ఊళ్ళో ఉన్న అమ్మకు ఫోన్ చేసి, అరిసెల పాకం ఎప్పుడు దించాలని అడిగినవారికి ఇందులోని ఇబ్బంది తెలుసు. నీళ్ళలో వేస్తే ఉండ కట్టాలి అంటుంది. ఆ ఉండ ఎంత మెత్తగా ఉండాలో ఆమె వేళ్ళకే తెలుసు. మనం చెప్పగలిగినదానికన్నా మనకు తెలిసినది ఎక్కువని తత్త్వవేత్త మైఖేల్ పొలానీ 1966లో రాసింది ఈ సంగతి గురించే.

అయితే మీ నర్సుగారికి తెలిసీ చెప్పలేకపోతున్నది ఒక భాగం మాత్రమే. ఇంకా ఎవరికీ తెలియనిది, నలుగురూ ఒకచోట చేరితే తప్ప పుట్టనిది మరొకటి ఉంటుంది. దానికి నా అనుభవమే ఒకటి చెబుతాను. కొన్నేళ్ళ క్రితం మేము రోగి ఒంట్లోకి మందును నిర్ణీత రేటులో ఎక్కించే ఇన్‌ఫ్యూజన్ పంపు తయారుచేస్తున్నప్పుడు ఒక ఆసుపత్రి నర్సును మూడుసార్లు ఇంటర్వ్యూ చేశాం. మూడుసార్లూ ఆమె అంతా బాగానే ఉందన్నారు. చివరికి జట్టంతా కలిసి ఒక రాత్రి ఆ వార్డులో కూర్చున్నాం. అక్కడి పాత పంపుల్లో ఒకదాని మీద, డిస్‌ప్లే పక్కన, చిన్న తెల్ల ప్లాస్టర్ ముక్క అంటించి ఉంది. దాని మీద బాల్ పెన్నుతో రాసిన ఒక సంఖ్య, అంచులు నల్లబడి, కొట్టేసి మళ్ళీ రాసినట్టు కనిపించింది. ఏమిటని అడిగితే ఆమె నవ్వారు. కరెంటు పోయి వచ్చినప్పుడు ఆ పంపు పాత రేటు మరచిపోతుందట. మళ్ళీ కేస్ షీటు వెతుక్కోనక్కరలేకుండా ఆమె రేటును ప్లాస్టర్ మీద రాసుకుంటారట. ఆమెకు అది జేబులో పెన్ను పెట్టుకోవడంలాంటి అలవాటు, ఇంటర్వ్యూలో చెప్పవలసిన విషయం కాదు. ఆ మాట వినగానే మా ఎలక్ట్రానిక్స్ ఇంజినీరు బ్యాటరీకి మారే క్షణం గురించి అడగడం మొదలుపెట్టాడు. డిజైనర్ గుమ్మం దగ్గరికి వెళ్ళి, అక్కడినుంచి ఆ అంకె కనిపిస్తుందా లేదా అని చూసి వచ్చింది. ఫర్మ్‌వేర్ రాసే అతను మాత్రం కాసేపు ఏమీ మాట్లాడలేదు. మా కొత్త పంపులోనూ కరెంటు పోగానే సెట్టింగులన్నీ చెరిపేసే కోడ్ రాసింది అతనే, అదీ రోగి భద్రత కోసమని. ఆ రాత్రి మేము తెలుసుకున్నది అంతకుముందు మాలో ఏ ఒక్కరి దగ్గరా పూర్తిగా లేదు, నర్సు దగ్గర కూడా లేదు.

మన హైదరాబాదులోనే జరిగిన ఇంకొక ఉదాహరణను అబ్దుల్ కలాం తన ప్రసంగాల్లో చెప్పేవారు. అగ్ని క్షిపణి కోసం తయారుచేసిన తేలికైన పదార్థాన్ని నిమ్స్ నుంచి ఆయన ప్రయోగశాలకు వచ్చిన ఒక ఎముకల డాక్టరు చేత్తో ఎత్తి చూసి, వెంటనే కలాంను తన ఆసుపత్రికి తీసుకువెళ్ళారు. అక్కడి పిల్లలు మూడు కిలోలకు పైగా బరువున్న లోహపు క్యాలిపర్లు కాళ్ళకు కట్టుకొని ఈడ్చుకుంటూ నడుస్తున్నారు. మూడు వారాల్లో 300 గ్రాముల క్యాలిపర్లు తయారయ్యాయి. ఆ పదార్థం గురించిన నివేదికను డాక్టరుకు పంపి ఉంటే ఆయన మొదటి పేజీ దాటేవారని నేను అనుకోను. ఆ బరువు ఆయన చేతికి తెలిసింది. ఆ పిల్లల నడక కలాం కంటికి తెలిసింది.

వేర్వేరు విద్యలవారి మధ్య నిలబడి, ఎవరి అర్థం వారికి ఇస్తూనే అందరినీ ఒక పనిలో కలిపి ఉంచే ఇలాంటివాటికి సుసాన్ లీ స్టార్, జేమ్స్ గ్రీజ్‌మర్ అనే పరిశోధకులు 1989లో సరిహద్దు వస్తువులని పేరు పెట్టారు. వారు పరిశీలించింది బర్క్‌లీలోని ఒక జంతుశాస్త్ర మ్యూజియాన్ని. అక్కడ శాస్త్రవేత్తలను, సరదాకు నమూనాలు సేకరించేవారిని, ఉచ్చులు పన్నే వేటగాళ్ళను కలిపి ఉంచినవి పటాలు, నమూనాలు, నింపవలసిన ఫారాలు. అందరూ ముందు ఒకే అభిప్రాయానికి వస్తేనే కలిసి పనిచేయగలరన్న నమ్మకం తప్పని ఆ వ్యాసం చదివాకే నాకు అర్థమైంది. మీ వార్మర్ పైకప్పునే తీసుకోండి. మెకానికల్ ఇంజినీరుకు అది స్తంభం మోయవలసిన బరువు, ఎలక్ట్రానిక్స్ వారికి వేడి తగలకుండా తీగలు పోవలసిన దారి, నర్సుకు పాప మీదికి వంగినప్పుడు నుదుటికి తగిలే అంచు. మీ రివ్యూల్లో మళ్ళీ మళ్ళీ మొదలయ్యే వాదన చాలావరకు ఈ మూడు పైకప్పుల మధ్య జరుగుతున్నదే, కాకపోతే ముగ్గురూ ఒకే మాట వాడుతున్నారు.

కాబట్టి వచ్చే రివ్యూకు స్లయిడ్లు వద్దు. థర్మకోల్‌తో, అట్టముక్కలతో నిలువెత్తు మోకప్ ఒకటి కట్టి గది మధ్యలో పెట్టి, ముందుగా నర్సుగారిని ఒక బొమ్మను అందులో పడుకోబెట్టి ఇంజెక్షన్ ఇచ్చినట్టు చేసి చూపమనండి. మిగతావారు పది నిమిషాలు మాట్లాడకుండా చూడాలి. కంప్యూటర్‌లో తళతళలాడే బొమ్మ చూపించారో, అంతా అయిపోయిందనుకొని మర్యాదస్తులు నోరు మెదపరు. అట్టముక్కను కత్తిరించడానికి ఎవరూ మొహమాటపడరు. ఆ తరువాత వచ్చే వాదనను ఆపకండి, సమయం వృథా అవుతోందని గడియారం చూడకండి. మీరు జీతాలిచ్చేది ఆ పనికే. పత్రం దాని తరువాత రాయవచ్చు.

ఒక జాగ్రత్త. ఇంజినీరు వెళ్ళి హోటల్ రొట్టెలవాడి దగ్గర శిష్యరికం చేసి, ఆ చేతి నేర్పును రొట్టెల యంత్రంలోకి దించిందన్న జపాన్ కథ మేనేజ్‌మెంట్ తరగతుల్లో మీకూ చెప్పే ఉంటారు. కథ మంచిదే, కానీ దానిమీద తరువాత విమర్శలు వచ్చాయి. యంత్రం చేయలేని పనిని చుట్టూ ఉన్న మనుషులే భర్తీ చేస్తారన్నది వాటి సారం. మీ నర్సు తెలివినంతా వార్మర్‌లోకి ఎక్కించేయవచ్చని ఆశపడకండి.

ప్రశ్న: మా డిజైనర్ ఉద్యోగం మానేస్తూ 140 పేజీల హ్యాండోవర్ పత్రం ఇచ్చి వెళ్ళారు. పరికరం వెనుక మూతకు క్లిప్పులకు బదులు స్క్రూలు ఎందుకు పెట్టారో మాత్రం అందులో ఎక్కడా లేదు. తీసేయవచ్చా?
— ఒక పాఠకుడు, బి.టి.ఎం. లేఅవుట్

జవాబు: తీసేయకండి, ముందు ఆయనకు ఫోన్ చేయండి. హ్యాండోవర్ పత్రాలు చేసినదాన్ని చెబుతాయి, వద్దనుకున్నదాన్ని చెప్పవు. తరువాత వచ్చినవారికి కావలసింది ఎక్కువగా రెండోదే. ఇకమీద ముఖ్యమైన నిర్ణయం తీసుకున్న రోజునే అరపేజీ రాయండి: ఏమి వద్దనుకున్నారు, ఎందుకు, ఏ పరిస్థితి మారితే మళ్ళీ ఆలోచించవచ్చు. వీలైతే వెళ్ళిపోయేవారి చేతికి పరికరం ఇచ్చి, విప్పుతూ కథలా చెప్పమనండి. ఫోటోకాపీ యంత్రాలు బాగుచేసేవారితో తిరిగి జూలియన్ ఓర్ అనే పరిశోధకుడు 1996లో రాసినదాని ప్రకారం, మాన్యువల్ దారి చూపని చోట వారిని గట్టెక్కించినవి ఒకరికొకరు చెప్పుకొనే ఇలాంటి కథలే.

ప్రశ్న: ప్రొడక్ట్ డిజైన్ చదువుతున్నాను. ఉమ్మడి ప్రాజెక్టు మీటింగుల్లో మిగతా శాఖలవారి పదాలు సగం అర్థం కావు. అడిగితే చులకనవుతానని భయం.
— ఒక విద్యార్థిని, యలహంక

జవాబు: అడగండమ్మా. నాసా పంపిన మార్స్ క్లైమేట్ ఆర్బిటర్ అనే వ్యోమనౌక 1999 సెప్టెంబరులో అంగారకుడిని చేరే సమయంలోనే నాశనమైంది. భూమి మీది ఒక సాఫ్ట్‌వేర్ చిన్న ఇంజిన్ల తోపుడును పౌండు-ఫోర్స్ సెకన్లలో ఇస్తే, అందుకున్నవైపు దాన్ని న్యూటన్ సెకన్లుగా లెక్కించారు. రెంటికీ మధ్య 4.45 రెట్ల తేడా. దారిలో ఏదో తేడా ఉందని కొందరు నావిగేటర్లు ముందే గమనించినా, ఆ సందేహం పద్ధతి ప్రకారం పైకి వెళ్ళలేదని విచారణలో తేలింది.

ఇంకొక మాట. ఇంగ్లీషులో జరిగే మీటింగు మాత్రమే జట్టు కాదు. నేను మొదటిసారి ఒక ప్లాస్టిక్ డబ్బా త్రీడీ ప్రింట్‌ను పీణ్య పారిశ్రామికవాడలో అచ్చులు తయారుచేసే టూల్‌రూమ్‌కు తీసుకువెళ్ళినప్పుడు, అక్కడి పెద్దమేస్త్రి డ్రాయింగ్ తెరవనే లేదు. లోపలి గోడ మీద బొటనవేలు కింది నుంచి పైకి ఒకసారి నడిపి, 'సార్, ఇదు హొరగె బరల్ల' అన్నాడు, అంటే అచ్చులోంచి బయటికి రాదని. గోడలు నిట్టనిలువుగా ఉన్నాయి. కనీసం ఒక డిగ్రీ వాలు ఇస్తేనే వస్తుంది. ఆ వాలునే డ్రాఫ్ట్ అంటారు. డ్రాఫ్ట్ అనే పదం అంతకుముందు మూడు మీటింగుల్లో విని, తెలిసినట్టు తలూపినవాణ్ణి నేను. మీ ప్రాజెక్టు నమూనా పట్టుకొని మీరూ ఒకసారి అలాంటి చోటికి వెళ్ళండి. ఉదయం మిషన్లు మొదలుకాక ముందే వెళ్ళండి. తరువాత ఆ మోతలో మీ ప్రశ్న వారికి వినబడదు.