ఫీజు ఇచ్చేవాళ్ల పేజీ వేరు, జిల్లా పేజీలు వేరు

ప్రశ్న: నెల్లూరులో ఉంటూ కంపెనీలకు సమానత్వం, వైవిధ్యం మీద ఫీజుకు సలహాలిచ్చే మనిషి వికీపీడియాలో నిజాయితీగా రాయడం కుదురుతుందా?

కుదురుతుంది. మీకు ఫీజు ఇచ్చే సంస్థ పేజీని మాత్రం మీ చేత్తో మార్చకండి. డబ్బు తీసుకుని రాసేవారు ఎవరిస్తున్నారో, ఎవరి తరఫున రాస్తున్నారో చెప్పి తీరాలని 2014 నుంచి వికీమీడియా వాడుక నిబంధనల్లోనే ఉంది. మీ వాడుకరి పేజీలో (వికీపీడియాలో మీ ఖాతాకు ఉండే సొంత పేజీ) సంస్థ పేరుతో సహా ఒక్క వాక్యం రాస్తే చాలు. ఖాతా మాత్రం మీ ఒక్కరిదే కావాలి, సంస్థ పేరుతో తెరవొద్దు. ఆ తర్వాత సంస్థ పేజీకి ఉన్న చర్చా పేజీలో, అంటే ఆ పేజీలో మార్పుల గురించి మాట్లాడుకునే చోట, అడగండి: ఏ వాక్యం తీసి ఏ వాక్యం పెట్టాలి, దానికి ఏ పత్రిక, ఏ తేదీ, ఏ పేజీ. తెలుగులో చర్చా పేజీలు చూసేవాళ్లు కొద్దిమందే. వారం ఆగి, తెలుగు వికీపీడియా రాసేవాళ్లంతా మాట్లాడుకునే రచ్చబండ పేజీలో గుర్తుచేయండి. జవాబు రాలేదని మీరే మార్చేస్తే, చెప్పిన నిజానికి కూడా విలువ పోతుంది.

ఎక్కువమంది బోల్తా పడేది మూలాల దగ్గర. సంస్థ పంపిన ప్రెస్ నోటు జిల్లా ఎడిషన్‌లో ఉన్నదున్నట్టు అచ్చయితే అది స్వతంత్ర మూలం కాదు. మీ శిక్షణ స్లైడ్లు, మీ బ్లాగూ అంతే.

సంస్థలో లైంగిక వేధింపుల ఫిర్యాదులు విచారించే అంతర్గత కమిటీలో సభ్యులైతే ఇంకా జాగ్రత్త. పని ప్రదేశంలో లైంగిక వేధింపులపై 2013లో వచ్చిన చట్టంలోని 16వ సెక్షన్ ఫిర్యాదు వివరాలు బయటపెట్టడాన్ని నిషేధిస్తుంది. పేరు తీసేసినా ‘ఫలానా ఊరి రొయ్యల ప్లాంటు’ అంటే జిల్లాలో అందరికీ తెలిసిపోతుంది. చట్టం గురించైతే హాయిగా రాయండి: ఇవే వేధింపులపై సుప్రీంకోర్టు ఇచ్చిన 1997 విశాఖ తీర్పు (ఇది ఊరు కాదు, కేసు వేసిన సంస్థ పేరు), పదిమంది లేదా అంతకు మించి పనిచేసేచోట కమిటీ ఉండాలన్న నియమం.

మీ చదువు నిజంగా పనికొచ్చేది, మీకెవరూ పైసా ఇవ్వని పేజీల్లో. నెల్లూరు వైపు ఎక్కువగా ఉండే గిరిజనులు యానాదుల సంగతే చూడండి. దక్షిణ భారత కులాలు, తెగల మీద బ్రిటిష్ అధికారి థర్‌స్టన్ 1909లో వేసిన సంపుటాల నుంచి ఎత్తిన వాక్యాలు వాస్తవాల్లా చెలామణీ అవుతుంటాయి. అలాంటిచోట ‘వలస పాలన కాలపు రచనల్లో ఇలా వర్ణించారు’ అని అది ఎవరి మాటో తెలిసేలా రాసి, పక్కన ఇటీవలి పరిశోధన పెట్టండి. మూలం లేదని మీ అనుభవం చేర్చకండి, అది ఎంత నిజమైనా సరే.

నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్లు మొదలుపెట్టిన సారా వ్యతిరేక ఉద్యమం పేజీల్లో తేదీలు కలగాపులగం అవుతుంటాయి. రాష్ట్రమంతా సారా నిషేధం 1993 అక్టోబరు 1న, సంపూర్ణ మద్యనిషేధం 1995 జనవరిలో. రెండూ ఒకటి కావు. మొదటిది ఆ ఆడవాళ్లు పోరాడి సాధించింది, దాన్ని ఎన్నికల హామీ ఖాతాలో వేయకూడదు.

దళితులపై జరిగిన కారంచేడు హత్యాకాండ (1985 జులై 17) నాటికి ఊరు ప్రకాశం జిల్లాలో ఉంది, 2022 ఏప్రిల్ నుంచి బాపట్ల జిల్లా. పాత పత్రికల్లో ప్రకాశం అనే ఉంటుంది కాబట్టి ‘అప్పటి ప్రకాశం, ఇప్పటి బాపట్ల’ అని రెండూ రాయండి. లేకపోతే తర్వాత వచ్చినవారు తప్పనుకుని దిద్దేస్తారు. అత్యాచారానికి గురైన మహిళల పేర్లు పాత పత్రికలో కనిపించినా ఎక్కించొద్దు. బతికున్న మనిషి కులం గానీ లైంగికత గానీ, ఆ మనిషే స్వయంగా చెప్పినట్టు నమ్మదగిన మూలం ఉంటేనే రాయండి. ఇంటిపేరు చూసి కులం తేల్చడం ఆధారం కాదు, అలాంటి వాక్యం కనబడితే తీసేసి, ఎందుకు తీశారో దిద్దుబాటు సారాంశంలో రాయండి.